చిన్న వైద్యశాల - పెద్ద బాధ్యత

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళ ఖర్చుల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. ఈసారి వైద్యం గురించి రెండు మాటలు చెప్పమని కార్యవర్గంవారు కోరారు. నేను డాక్టరును కాను. మందుల కౌంటరు వెనక నిలబడి చీటీలు చదివి మందులిచ్చిన ఫార్మసిస్టును. కాబట్టి పెద్ద పెద్ద ఆపరేషన్ల సంగతి చెప్పటం నా చేతకాదు. మన వీధి చివర ఉండే చిన్న డాక్టరుగారి గదిలో ఏం జరిగితే మనకు మేలు, ఏం జరిగితే కీడు అన్నది మాత్రం చెప్పగలను.

చిన్న వైద్యశాల అంటే ఇక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి, ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరు ఒక్కరే కూర్చుని, ఒక నర్సునో కాంపౌండరునో పెట్టుకుని నడిపే క్లినిక్కు, లేదా నాలుగైదు మంచాల నర్సింగ్ హోం. రెండవది, మనం ఆర్.ఎం.పి. డాక్టరు అని పిలుచుకునే మనిషి. ఆయన ఏ పెద్ద డాక్టరు దగ్గరో పదేళ్ళు పనిచేసి, చేతివాటం నేర్చుకుని, ఊళ్ళో సంచీతో తిరుగుతూ ఉంటాడు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వస్తాడు. డబ్బు రేపిచ్చినా సరే అంటాడు. జ్వరమైనా, విరేచనాలైనా మనలో ఎక్కువమంది మొదట వెళ్ళేది ఈ ఇద్దరి దగ్గరికే.

ఈ పరిస్థితి నిన్న మొన్న వచ్చింది కాదు. మన బందరులోనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1906లో ప్రాక్టీసు పెట్టి సుమారు పదేళ్ళు వైద్యం చేశారు. తరువాతే దేశసేవలోకి పూర్తిగా దిగారు. అటువంటి పెద్ద చదువుల డాక్టర్లు పట్నాలలో ఉంటే, పల్లెలకు ఎల్.ఎం.పి.లు ఉండేవారు. తక్కువ కాలం చదివి లైసెన్సు పుచ్చుకుని చిన్న ఊళ్ళలో వైద్యం చేసేవారు. 1946లో భోర్ కమిటీ దేశానికంతటికీ ఒకే స్థాయి డాక్టరు ఉండాలని చెప్పింది. ఆ తరువాత ఎల్.ఎం.పి. చదువు మూతపడింది. ఆశయం మంచిదే. కాని ఎం.బి.బి.ఎస్. చదివినవారు పల్లెకు రాలేదు. ఆ ఖాళీలోకి ఆర్.ఎం.పి. వచ్చాడు.

ఇప్పుడు మనకు పూర్వంకంటె సౌకర్యాలు పెరిగాయి, కాదనను. మన మండలంలోని కూచిపూడిలో సిలికానాంధ్ర వారి సంజీవని వైద్యశాల వచ్చింది. 2023 సెప్టెంబరులో మచిలీపట్నంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలయింది. 2005 ఆగస్టు 15 నుంచి 108 అంబులెన్సు తిరుగుతున్నది. ఇన్ని ఉన్నా, కూలికి వెళ్ళి చీకటిపడి ఇంటికి చేరిన మనిషికి జ్వరం తగిలితే, అతను పోయేది వీధి చివరి గదికే. ఆ గది బాగుంటే మన ఆరోగ్యం సగం బాగుంటుంది. అది బాగాలేకపోతే పెద్దాసుపత్రి ఎంత పెద్దదయినా మనం అక్కడికి ఆలస్యంగానే చేరతాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. "ఆర్.ఎం.పి.లకు సాయం చేయటమంటే నకిలీ వైద్యాన్ని మనమే పోషించినట్లు కాదా?" అని చదువుకున్న కుర్రవాళ్ళు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చట్టం సంగతి దాచకుండా చెప్పుకోవాలి. తాను చదవని వైద్యపద్ధతిలో మందులిచ్చేవాడు నకిలీ వైద్యుడే అని సుప్రీంకోర్టు 1996లో పూనమ్ వర్మ కేసులో చెప్పింది. 2019లో వచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం ప్రకారం అర్హత లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. ప్రైవేటు ఆసుపత్రులు, క్లినిక్కులు రిజిస్టరు చేయించుకోవాలని మన రాష్ట్రంలో 2002లోనే చట్టం వచ్చింది. కాబట్టి ఆర్.ఎం.పి.ని డాక్టరును చేయటం మన పనీ కాదు, మన వల్ల అయ్యేదీ కాదు. అతను ప్రథమ చికిత్స దగ్గర ఆగి, ఆ హద్దు లోపలి పనిని శుభ్రంగా చేసి, హద్దు దాటిన రోగిని వెంటనే పైకి పంపేటట్లు చూడటం మన వల్ల అవుతుంది. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క మాటే. మిగిలినదంతా దీనికి వివరణ.

శిక్షణ ఇస్తే మార్పు వస్తుందా? 2008-09 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్.ఎం.పి.లకు, పి.ఎం.పి.లకు తరగతులు పెట్టి ప్రథమ చికిత్సకులుగా తయారుచేయాలని చూసింది. అది కొంత దూరం నడిచి ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్లోని బీర్భూమ్ జిల్లాలో మాత్రం దీనిని లెక్కగట్టి చూశారు. అక్కడ లివర్ ఫౌండేషన్ అనే సంస్థ ఇట్లాంటి పల్లె వైద్యులకు తొమ్మిది నెలలు తరగతులు చెప్పింది. 304 మందిని తీసుకుని, చీటీలు వేసినట్లుగా సగంమందికి ముందు శిక్షణ ఇచ్చి, మిగతా సగంమందిని తరువాత పిలిచారు. ఆపైన రోగులుగా నటించేవారిని ఇద్దరి దగ్గరకూ పంపారు. ఒకరు గుండెనొప్పి అన్నారు, ఒకరు ఆయాసం అన్నారు, ఒకరు ఇంట్లో బిడ్డకు విరేచనాలు అన్నారు. జిష్ణు దాస్, అభిజిత్ బెనర్జీ మొదలైన ఆర్థికవేత్తలు, డాక్టర్ అభిజిత్ చౌధురి కలిసి చేసిన ఈ పరిశీలన 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది.

ఫలితం ఏమిటంటే, శిక్షణ పొందినవారు సరైన వైద్యం చేయటం 100కి దాదాపు 8 కేసులలో పెరిగింది. ఇది చిన్న సంగతి కాదు. అయితే అక్కరలేని మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వటం మాత్రం తగ్గలేదు. ఏం చేయాలో తెలిసింది గాని, చేయకూడనిది మానలేదన్నమాట. ఎందుకు మానలేదు? తెలివి లేక కాదు. మందు ఇవ్వకపోతే రోగి మళ్ళీ రాడని భయం. అంటే ఇందులో మన పాత్ర కూడా ఉన్నది.

మన ఇళ్ళల్లో మాట ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. "ఏమండీ డాక్టరుగారూ, సూది వెయ్యకుండా పంపిస్తారా?" అని అడుగుతాం. "ఆ డాక్టరు చెయ్యి మంచిది కాదు, ఒక్క సెలైను కూడా పెట్టలేదు" అని అరుగుమీద కూర్చుని చెప్పుకుంటాం. బిళ్ళతో పోయే జ్వరానికి సూది కావాలంటాం. గ్లాసుతో తాగగలిగిన ఉప్పు నీళ్ళను నరంలోకి ఎక్కించమంటాం. ఆయన కాదంటే పక్క వీధికి పోతాం. ఇట్లా మనమే ఆయన్ని చెడగొట్టి, తరువాత ఆయన్నే తిట్టుకుంటాం.

ఇప్పుడు ఒక్కొక్క పని తీసుకుని చెబుతాను.

మొదటిది సూది. 2002-03 ప్రాంతంలో ఇండియా క్లెన్ అనే వైద్యుల బృందం దేశమంతటా చూసి చెప్పిన లెక్క ప్రకారం అప్పట్లో మనదేశంలో ఏటా సుమారు 300 కోట్ల ఇంజక్షన్లు వేసేవారు. అందులో 100కి 63 సురక్షితం కానివి. ఒకే సూది పదిమందికి గుచ్చితే కామెర్ల రోగాలు బి, సి రకాలూ, ఎయిడ్స్ క్రిమీ ఒకరినుంచి ఒకరికి వస్తాయి. ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా బంగర్‌మావ్‌లో 2018లో ఇదే బయటపడింది. సైకిలుమీద తిరిగే ఒక అర్హత లేని వైద్యుడు ఒకే సిరంజి వాడటంవల్ల 30 మందికి పైగా హెచ్.ఐ.వి. సోకిందని అధికారులు చెప్పారు. కాబట్టి సూది అవసరమా అని ముందు అడగాలి. అవసరమే అంటే, కొత్త ప్యాకెట్టు మన కళ్ళ ముందు చింపమనాలి. అడగటానికి మొహమాటం అక్కరలేదు.

వాడిన సూది ఎక్కడికి పోతున్నదో కూడా చూడాలి. పంటకాలువ గట్టున, డ్రెయిన్ల పక్కన సిరంజిలు పడి ఉండటం మీరు చూసే ఉంటారు. వట్టి కాళ్ళతో నాట్లకు దిగే ఆడకూతుళ్ళకు, గట్టుమీద ఆడుకునే పిల్లలకు అవే గుచ్చుకునేది. 2016 నాటి ఆసుపత్రి వ్యర్థాల నియమాల ప్రకారం సూదులు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో, గాజుసీసాలు నీలం పెట్టెలో, సెలైను గొట్టాలు ఎర్ర సంచిలో, నెత్తుటి దూది పసుపు సంచిలో వేయాలి. చిన్న క్లినిక్కుకు కూడా ఇదే నియమం. సూదిని కత్తిరించే చిన్న మిషను ఒకటి బల్లమీద ఉంటే ఆ సూది మళ్ళీ ఎవరికీ పనికిరాదు. దాని ఖరీదు పెద్ద ఖరీదు కాదు.

రెండవది విరేచనాలు. కాలువ నీళ్ళమీద బతికే ప్రాంతం మనది. వానాకాలం వస్తే ఈ జబ్బు తప్పదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా విరుచుకుపడితే, సెలైను సీసాలు అయిపోయి, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్ళు తాగించమని చెప్పారు. ఆ శిబిరంలో మరణాలు 100కి 30 నుంచి 4 లోపుకు దిగాయి. డ్రమ్ముల్లో కలిపిన నీళ్ళు రోగుల బంధువులే తాగించారు. ఈనాటి ఓ.ఆర్.ఎస్. పాకెట్టు ఆ నీళ్ళ బిడ్డే. పెద్ద పాకెట్టు మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి. చెంచా చెంచాగా కలిపితే ఉప్పు పాళ్ళు తప్పుతాయి. పిల్లలకు దానితోపాటు జింకు బిళ్ళ 14 రోజులు ఇవ్వాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ తాగలేకపోతున్నా, కళ్ళు లోపలికి పోయినా, మగతగా ఉన్నా, మలంలో నెత్తురు పడినా ఆ చిన్న గదిలో ఉంచుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

మూడవది పాముకాటు. ఇది మన డెల్టాకు, ముఖ్యంగా దివిసీమకు ఉన్న గోడు. 2018 ఆగస్టులో అవనిగడ్డ, మోపిదేవి వైపు వరుసగా పాముకాట్లు పడి జనం ఎంత బెంబేలెత్తారో మీకు గుర్తే. 2000 నుంచి 2019 దాకా దేశంలో సగటున ఏటా 58,000 మంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. ఎక్కువమంది పల్లెల్లో, వానాకాలంలో.

నేను ఎరిగిన ఒక రైతుకూలీ విషయం చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు అక్కరలేదు. చీకట్లో గట్టుమీద రక్తపింజరి కరిచింది. దగ్గరున్న చిన్న వైద్యుడు కాలికి తాడు బిగించి, ధనుర్వాతం సూది వేసి, సెలైను పెట్టి, "తెల్లారేదాకా చూద్దాం" అన్నాడు. ఆయనకు చెడు ఉద్దేశం ఏమీ లేదు. ఇంటివాళ్ళు కూడా ఏదో ఒకటి జరుగుతున్నదని ధైర్యపడ్డారు. తెల్లారేసరికి చిగుళ్ళ నుంచి నెత్తురు, మూత్రం ఎర్రగా. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. మనిషి బతికాడు గాని మూత్రపిండాలు దెబ్బతిని, మళ్ళీ పొలం పనికి పోలేదు. ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే.

అక్కడ చేయవలసిన పని చాలా తేలిక. తాడు కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయాలి. ఎముక విరిగినప్పుడు కట్టినట్టు బద్దకట్టి కాలు కదలనివ్వకూడదు. రోగిని నడిపించకూడదు. 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి పంపాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. కాబట్టి పామును చంపి మోసుకుపోవలసిన పని లేదు. కట్లపాము రాత్రిపూట పడుకున్నవాళ్ళను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు. తెల్లారి కడుపునొప్పి అన్నా, కనురెప్పలు వాలుతున్నా అనుమానించాలి.

విరుగుడు మందు ఉన్న ఆసుపత్రులవారు చేసే పరీక్ష కూడా ఖర్చులేనిదే. శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజుగొట్టంలో కాస్త నెత్తురు తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూడాలి. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. గొట్టం ప్లాస్టిక్‌దయినా, సబ్బు పొడితో కడిగినదయినా ఫలితం తప్పుతుంది. గడ్డకట్టినంత మాత్రాన నాగు, కట్లపాముల విషం లేదని అనుకోకూడదు. ప్రాణం కాపాడే పరీక్ష ఒక గాజుగొట్టంలో ఉన్నప్పుడు, మంచి వైద్యానికి డబ్బే కావాలని ఎట్లా అంటాం?

నాలుగవది షుగరు. ఇది మన ఇళ్ళల్లో మరీ ముఖ్యం, రంజాన్ నెల ఉన్నది కాబట్టి. 2001లో 13 దేశాలలో 12,000 మందికి పైగా షుగరు రోగులను విచారించిన ఎపిడయార్ అనే పరిశీలనలో, పెద్ద వయసులో వచ్చే షుగరు ఉన్నవారికి రంజాన్ మాసంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవటం మామూలు నెలలకంటె ఏడు రెట్లకు పైగా పెరిగిందని తేలింది. ఉపవాసం ఉంటూనే మామూలుగా వేసుకునే బిళ్ళ మామూలు వేళకే మింగటం ప్రమాదం. మన నానీలు, దాదాలు ఎవరికీ చెప్పకుండా చేసేది ఇదే. నెల ముందుగానే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, ఏ బిళ్ళ సహరీకి, ఏది ఇఫ్తార్‌కు, ఎంత తగ్గించాలి అని రాయించుకోవాలి. చక్కెర 70 కంటె దిగినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలని వైద్యులు చెబుతున్నారు. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే ఉపవాసం పోదని చాలామంది ఉలమాలు చెప్పే ఉన్నారు. రోగికి మన ధర్మంలోనే మినహాయింపు ఉన్నది. చిన్న డాక్టరుగారు తన దగ్గరికొచ్చే షుగరువాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుని, నెల ముందు కబురు పెడితే ఎంత మేలు!

ఆ పుస్తకం మాట వచ్చింది కాబట్టి అయిదవది చెబుతాను. చిన్న వైద్యశాలల్లో పెద్ద లోటు రాతకోతలు లేకపోవటం. మనం వెళతాం, ఆయన మూడు రంగుల బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టి ఇస్తాడు. అవి ఏమిటో ఆయనకే తెలుసు. రేపు బందరు పోతే అక్కడి డాక్టరు "ఏం మందు వాడారు?" అంటే చెప్పలేం. ఒళ్ళునొప్పులకు ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్ బిళ్ళ కలిసి ఉండవచ్చు, మూత్రపిండాలను దెబ్బతీసే నొప్పిబిళ్ళ ఉండవచ్చు. కాబట్టి పొట్లం వద్దు, పేరు కనిపించే అట్ట కావాలని అడగండి. అట్టమీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడరానిది. యాంటీబయాటిక్‌ల గురించి జనానికి తెలియటానికి 2016లో ప్రభుత్వం ఈ ఎర్ర గీత మీద ప్రచారం కూడా చేసింది. అట్లాగే రెండు వారాలు దాటిన దగ్గుకు దగ్గుమందు సీసాలు మార్చుకుంటూ కూర్చోకూడదు. కఫం పరీక్షకు పంపాలి. క్షయ అని తేలితే ప్రైవేటు డాక్టర్లు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలని 2012 నుంచి ఉత్తర్వు ఉన్నది.

ఇక మన సంఘం ఏం చేయవచ్చు? నాకు తోచినవి సభవారి ముందు పెడుతున్నాను.

ఒకటి, రోగిని పైకి పంపేటప్పుడు ఇచ్చే చీటీలు మనం అచ్చువేయించి చిన్న వైద్యులకు ఉచితంగా పంచుదాం. పేరు, వయసు, ఎప్పటినుంచి బాధ, ఏ మందు ఎన్నిగంటలకు ఇచ్చారు, ఎందుకు పంపుతున్నారు, ఇవి రాస్తే చాలు.

రెండు, సూదులు కత్తిరించే మిషను, గుచ్చుకుపోని డబ్బా చందాలతో కొనిపెడదాం. బి.పి. మిషన్లు ఏడాదికొకసారి సరిచూపిద్దాం. తప్పు చూపే మిషనుకంటె మిషను లేకపోవటమే నయం.

మూడు, మూడు నెలలకొకసారి ఒక ఆదివారం ప్రభుత్వ ఆసుపత్రి నుంచో మెడికల్ కాలేజీ నుంచో ఒక పెద్ద డాక్టరుగారిని పిలిచి, చిన్న వైద్యులందరినీ కూర్చోబెడదాం. ఒక్కొక్కసారి ఒక్క విషయమే. వానలకు ముందు విరేచనాలు, పాముకాటు. రంజాన్‌కు ముందు షుగరు. వచ్చినవారికి టీ ఇద్దాం, భోజనం పెడదాం. సర్టిఫికెట్టు మాత్రం ఇవ్వవద్దు. ఇస్తే అది అద్దం కట్టించుకుని గోడకు తగిలిస్తారు, జనం దాన్ని డిగ్రీ అనుకుంటారు. మన మేలు కీడయి కూర్చుంటుంది.

నాలుగు, ఆడవాళ్ళ సమావేశం వేరుగా పెట్టాలి. ఇంట్లో బిడ్డకు జబ్బు చేస్తే ఎటు తీసుకుపోవాలో తేల్చేది తల్లే. సూది ఎప్పుడు అక్కరలేదో ఆమెకు తెలిస్తే వీధిలో సగం సూదులు తగ్గుతాయి.

ఈ సాయానికి ఒక షరతు ఉండాలి. హద్దు దాటి ఆపరేషన్లు, గర్భస్రావాలు, పదేసి సెలైన్లు పెట్టేవారికి మన చీటీ గాని మిషను గాని ఇవ్వకూడదు. వాళ్ళు మనవాళ్ళయినా సరే, బంధువులయినా సరే.

చిన్న వైద్యులుగా పనిచేస్తూ ఈ సభకు వచ్చినవారు కూడా ఉన్నారు. వారికొక మాట. "ఇది నా వల్ల కాదు, వెంటనే తీసుకుపోండి" అని చెప్పిన వైద్యునికి పరువు తగ్గదు. ఆ మాట వేళకు చెప్పినందువల్ల బతికిన మనిషి, అతని పిల్లలు ఆయన్ని జీవితాంతం తలుచుకుంటారు. మిగిలిన మనకొక మాట. ఆయన అట్లా చెప్పిన రోజున "ఈ డాక్టరుకు ఏమీ తెలియదు" అని వీధిలో చెప్పుకోవద్దు. ఇవ్వవలసిన రెండు రూపాయలు ఇచ్చి, మంచిమాట చెప్పి, బండి ఎక్కండి.

ఇందులో ఏవి ఈ సంవత్సరమే చేయగలమో కార్యవర్గంవారు ఆలోచించి నిర్ణయించాలని మనవి చేస్తున్నాను. చీటీల అచ్చుకయ్యే ఖర్చు నేను భరిస్తాను.